ఇప్పటి డైరెక్టర్లలో ముప్పై నలభై ఏళ్ల తర్వాత కూడా మిగిలేది ఎవరు?

సినిమా రిలీజైన మూడో రోజుకే "ఇది ఫ్యూచర్ క్లాసిక్, రాసిపెట్టుకోండి" అని ఎవరో ఒకరు అనేస్తారు, ఆర్నెల్లు పోయాక అన్నోళ్లకే ఆ సినిమా పేరు గుర్తుండదు. పాత లెక్కలు తీసి చూస్తే అప్పటి జనం, అప్పటి జ్యూరీలు, అప్పటి క్రిటిక్స్ ముగ్గురూ కలిసి పప్పులో కాలేసిన సందర్భాలు బోలెడు. 1941లో వచ్చిన సిటిజన్ కేన్‌కి తొమ్మిది ఆస్కార్ నామినేషన్లు వస్తే గెలిచింది ఒక్కటే, అదీ స్క్రీన్‌ప్లేకి, బెస్ట్ పిక్చర్ హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీకి పోయింది, డబ్బులు కూడా సరిగ్గా రాలేదు. బ్రిటన్‌లో సైట్ అండ్ సౌండ్ అని ఒక పత్రిక ఉంది, పదేళ్లకోసారి ప్రపంచంలో ఎక్కడెక్కడి క్రిటిక్స్‌నో అడిగి గొప్ప సినిమాల లిస్ట్ వేస్తుంది. 1952లో వేసిన మొదటి లిస్ట్ టాప్ టెన్‌లో కేన్ లేనే లేదు, మళ్లీ 1962 నుంచి 2002 దాకా వరుసగా ఐదుసార్లు ఫస్ట్ ప్లేస్ దానిదే. 2012లో దాన్ని దింపి వెర్టిగో ఎక్కింది, అది కూడా 1958లో వచ్చినప్పుడు అంతంతమాత్రం టాకే. 2022లో ఇంకా పెద్ద షాక్, బెల్జియం లేడీ డైరెక్టర్ షాంతాల్ అకర్మన్ 1975లో తీసిన జాన్ డీల్మన్ ఫస్ట్ వచ్చింది, మూడు గంటల ఇరవై నిమిషాల సినిమా, పదేళ్ల ముందు లిస్టులో ఎక్కడో ముప్పైల్లో ఉన్నది.

రివర్స్‌లో కూడా జరుగుతుంది. 1952లో నంబర్ వన్ బైసికిల్ థీవ్స్, అప్పటికి దాని వయసు నాలుగేళ్లే, 2022 వచ్చేసరికి నలభైల్లోకి జారింది. 1960లో ఫ్రాన్స్‌లో జరిగే కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో లావెంచురా అనే ఇటలీ సినిమా వేస్తే హాల్లో వెక్కిరింపులు, రెండేళ్లు తిరక్కుండానే అదే సినిమా లిస్టులో రెండో ప్లేస్, ఇప్పుడు మళ్లీ చాలా కిందికి వెళ్లిపోయింది. అంటే క్లాసిక్ అనేది ఒకసారి వేసే ముద్ర కాదు, ప్రతి తరం వచ్చి మళ్లీ ఓటేస్తూ ఉంటుంది, పాత తరం ఓటు రద్దయిపోతుంది.

ఇందులో లక్ ఎంత అంటే చాలానే ఉంది. ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్ 1946లో నష్టపోయిన సినిమా, 1974లో దాని కాపీరైట్ రెన్యూ చేయించడం ఎవరికీ పట్టక హక్కులు పోయాయి, టీవీ ఛానళ్లకి ఫ్రీగా దొరికింది కాబట్టి క్రిస్మస్ వస్తే చాలు అరగదీశారు, చూసీ చూసీ అమెరికా జనానికి అది ఇంట్లో మనిషైపోయింది. వెర్టిగో సంగతి దీనికి పూర్తి ఉల్టా, హక్కులు డైరెక్టర్ హిచ్‌కాక్ దగ్గరే ఉండిపోయి దాదాపు పదేళ్లు ఎవరికీ దొరకలేదు, 1983లో మళ్లీ బయటికొచ్చింది, విచిత్రం ఏంటంటే దొరకని టైమ్‌లోనే, 1982 లిస్టులో, మొదటిసారి టాప్ టెన్‌లోకి వచ్చింది. కాబట్టి దొరకడం ఒక్కటే అయితే టీవీలో రోజూ వేసే ప్రతి సినిమా క్లాసిక్ అయ్యుండాలి, అవ్వలేదు కదా. సినిమాలో కూడా ఏదో ఉండాలి.

ఆ ఏదో ఏంటనేది చూడటానికి 1989 మంచి సంవత్సరం. ఆ ఏడాది అమెరికాలో తెల్లవాళ్లు నల్లవాళ్ల మధ్య సంబంధాల మీద రెండు సినిమాలు వచ్చాయి. డ్రైవింగ్ మిస్ డైసీ బెస్ట్ పిక్చర్ ఆస్కార్ కొట్టింది. స్పైక్ లీ తీసిన డూ ద రైట్ థింగ్‌ని ఆ కేటగిరీలో నామినేట్ కూడా చేయలేదు. ఇప్పుడు సైట్ అండ్ సౌండ్ లిస్టులో రెండోది 24వ స్థానంలో ఉంది, మొదటిదాని ఊసే లేదు. టాపిక్ రెండింటిదీ దాదాపు ఒకటే. కానీ మొదటిది మనసు కరిగించి, సమస్య సర్దుకుపోయినట్టు చూపించి పంపించేస్తుంది. రెండోదాంట్లో చివర్లో మూకీ అనే డెలివరీ కుర్రాడు చెత్తడబ్బా ఎత్తి తన ఓనర్ పిజ్జా షాపు అద్దం పగలగొడతాడు, అది రైటా తప్పా అని సినిమా చెప్పదు, పైగా మార్టిన్ లూథర్ కింగ్ మాట ఒకటి, మాల్కం ఎక్స్ మాట ఒకటి, ఒకదానికొకటి అడ్డంగా ఉన్నవి, పక్కపక్కన పెట్టి ఆపేస్తుంది. ముప్పై ఐదేళ్లు దాటినా ఆ గొడవ తెగలేదు. టాపిక్ అవార్డు తెస్తుంది, సినిమాని నిలబెట్టేది మాత్రం దాన్ని చూసిన పద్ధతి, చూసేవాడికి వదిలేసిన పని. డైరెక్టర్ అన్నీ తనే నమిలి పెట్టేస్తే రెండోసారి చూడ్డానికి ఏం మిగలదు.

జాన్ డీల్మన్‌లో కూడా ఇదే. ఒక ఆవిడ మూడు రోజులు ఇంటి పని చేసుకుంటుంది, కెమెరా కదలదు, ఆలుగడ్డలు చెక్కు తీయడం కూడా మొత్తం చూపిస్తారు. మొదటిరోజు అంతా గడియారంలా నడుస్తుంది, రెండోరోజు ఆలుగడ్డలు ఎక్కువ ఉడికిపోతాయి, ఆవిడ ఆ గిన్నె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తెలీక గదుల్లో తిరుగుతుంది. అంతే, ఆ చిన్న తేడాకి చూసేవాళ్ల గుండె జారుతుంది, ఎందుకంటే అప్పటికి ఆ ఇంటి రొటీన్ వాళ్లకి కూడా అలవాటైపోయింది. అప్పుడు అకర్మన్ వయసు పాతికే. ఇలా చూడొచ్చని అంతకుముందు ఎవరికీ తోచలేదు, తర్వాత తరాల డైరెక్టర్లు అందులోంచి తీసుకుంటూనే ఉన్నారు. సినిమాని మోసేది చివరికి ఆ తర్వాతి డైరెక్టర్లే, ప్రేక్షకులు మర్చిపోయినా వాళ్లు మర్చిపోరు.

ఈ కొలతతో ఇప్పటివాళ్లని చూస్తే ముందు వచ్చే పేరు కొరియా డైరెక్టర్ బాంగ్ జూన్ హో. పారసైట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, 2019లో కేన్స్ టాప్ అవార్డు పామ్ డోర్, 2020లో బెస్ట్ పిక్చర్ ఆస్కార్, ఇంగ్లీష్ కాని సినిమాకి అది మొదటిసారి, 2025లో న్యూయార్క్ టైమ్స్ ఐదొందల మందికి పైగా సినిమావాళ్లని అడిగి వేసిన ఈ శతాబ్దపు లిస్టులో కూడా ఫస్ట్. అయితే ఇంకా గట్టి బెట్ ఆయన 2003 సినిమా మెమరీస్ ఆఫ్ మర్డర్ మీద కాయొచ్చు. కొరియాలో 1986 నుంచి 1991 దాకా జరిగిన వరస హత్యల కేసు అది, సినిమా తీసేనాటికి హంతకుడు దొరకలేదు. చివరి సీన్‌లో పోలీసు ఉద్యోగం మానేసి సేల్స్‌మన్ అయిన పాత డిటెక్టివ్ ఆ మొదటి శవం దొరికిన కాలవ దగ్గరికి వస్తాడు, అక్కడ ఒక చిన్నపిల్ల, ఇంతకుముందు ఇంకో మనిషి కూడా ఇలాగే వచ్చి తొంగి చూశాడు అంటుంది, ఎలా ఉన్నాడు అంటే మామూలుగానే ఉన్నాడు అంటుంది. డిటెక్టివ్ తలెత్తి సూటిగా కెమెరాలోకి చూస్తాడు. హాల్లో కూర్చున్న ప్రతి మామూలు మొహాన్నీ వెతుకుతున్నట్టు ఉంటుంది ఆ చూపు. 2019లో డీఎన్ఏ ఆధారంగా అసలు హంతకుడు ఎవరో బయటపడింది, అప్పటికే వేరే హత్య కేసులో జైల్లో ఉన్నాడు. మామూలుగా అయితే మిస్టరీ విడిపోతే మిస్టరీ సినిమా విలువ పడిపోవాలి, ఇక్కడ ఆ చివరి షాట్ ఇంకా బరువెక్కింది.

దీని పక్కన పెట్టి చూడాల్సింది డేవిడ్ ఫించర్ 2007లో తీసిన జోడియాక్. ఇదీ తేలని హత్యల కేసే, ఇదీ ఒక మొహం చూడ్డంతోనే ముగింపుకొస్తుంది, కేసు పిచ్చి పట్టిన కార్టూనిస్టు ఏళ్ల తర్వాత అనుమానితుడు పనిచేసే హార్డ్‌వేర్ షాపుకెళ్లి ఏమీ అడక్కుండా ఒకసారి కళ్లలోకి చూసి వచ్చేస్తాడు. రిలీజప్పుడు కలెక్షన్లు అంతంతమాత్రం, ఆస్కార్‌కి ఒక్క నామినేషన్ కూడా రాలేదు. తొమ్మిదేళ్లకి, 2016లో బీబీసీ క్రిటిక్స్‌ని అడిగి ఈ శతాబ్దపు లిస్ట్ వేస్తే 12వ ప్లేస్‌లో తేలింది. సీరియల్ కిల్లర్ సినిమా అనుకుని వెళ్లినవాళ్లకి నచ్చలేదు, ఎందుకంటే అది నిజానికి టైమ్ గురించిన సినిమా, ఏళ్లు గడిచాయని చెప్పడానికి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పెద్ద బిల్డింగ్ కళ్లముందే అంతస్తు మీద అంతస్తు లేచిపోవడం చూపిస్తాడు, కేసు మాత్రం అక్కడే ఉంటుంది. మొదటిసారి విసుగు అనిపించిన ఆ ఫైళ్లు, ఫోన్లు, చేతిరాత పోలికలు, అవే రెండోసారి చూస్తే అసలు కథ. ఫించర్ సినిమాల్లో అందరూ పొగిడే స్టైల్ ఉన్నవి ముందు పాతబడతాయి, ఇలాంటి మొండి సినిమాలు ఉండిపోతాయి.

జోనథన్ గ్లేజర్ విషయంలో చెప్పడానికి ఇంకా ఎక్కువుంది, సినిమాలు మాత్రం చాలా తక్కువ, 2000 నుంచి 2023 దాకా నాలుగంటే నాలుగు. అండర్ ద స్కిన్ 2013లో వచ్చింది, పెట్టిన డబ్బు కూడా రాలేదు. స్కార్లెట్ జోహాన్సన్‌ని విగ్గు పెట్టి వ్యాన్‌లో కూర్చోబెట్టి గ్లాస్గో వీధుల్లో దాచిన కెమెరాలతో తీశారు, ఆవిడ లిఫ్ట్ ఇచ్చినవాళ్లలో చాలామంది నటులు కారు, దారిన పోయే జనం. పదేళ్లకి జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్. నాజీలు యూదుల్ని చంపిన ఆష్విట్జ్ క్యాంపు గోడ పక్కనే ఆ క్యాంపు కమాండెంట్ ఇల్లు, తోట, స్విమ్మింగ్ పూల్, పిల్లలు. కథ జరిగినంతసేపూ కెమెరా గోడ దాటి అటు హత్యల్ని చూపించదు. ఇంట్లో అక్కడక్కడ కెమెరాలు దాచేసి యూనిట్ మొత్తం బయటికెళ్లిపోయి తీశారు, అందుకే నటులు నిజంగా కాపురం చేసుకుంటున్నట్టు ఉంటారు. అవతల ఏం జరుగుతోందో సౌండ్ ఒక్కటే చెప్తుంది, మిషన్ల రొద, అరుపులు, తుపాకీ శబ్దం. సౌండ్‌కి ఆస్కార్ వచ్చింది, ఇంటర్నేషనల్ ఫీచర్‌కి కూడా.

అందులో ఒక సీన్ ఉంది. క్యాంపు నుంచి బట్టలొస్తాయి, కమాండెంట్ భార్య ఒక ఫర్ కోటు తీసుకుని రూమ్‌లోకెళ్లి తలుపేసుకుని అద్దం ముందు వేసుకుని చూసుకుంటుంది, జేబులో చెయ్యి పెడితే లిప్‌స్టిక్ దొరుకుతుంది, అది కొంచెం పెదాలకి రాసి చూసుకుంటుంది. అంతే సీను. ఏడుపు లేదు, మ్యూజిక్ లేదు. ఆ లిప్‌స్టిక్ ఎవరిదో, వాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరూ చెప్పరు, చెప్పక్కర్లేదు. యూదుల ఊచకోత మీద సినిమాలు కుప్పలు, చాలావాటిని టాపిక్ మీద గౌరవంతో చూస్తాం, ఇక్కడ మాత్రం చూడ్డం అనే పని మీదే అనుమానం వస్తుంది, మనం కూడా ఏదో ఒక గోడ పక్కన హాయిగా ఉన్నామా అని. మిగిలే సినిమా లక్షణం ఇదే అనుకుంటే ఈ పదేళ్లలో దీన్ని మించింది దొరకడం కష్టం.

ఇరాన్ నుంచి అస్ఘర్ ఫర్హాదీ. ఎ సెపరేషన్, 2011. మొదటి షాట్‌లో భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని కెమెరా వైపు చూస్తూ విడాకుల వాదన వినిపిస్తారు, జడ్జి గొంతు వినిపిస్తుంది కానీ మనిషి కనపడడు, ఎందుకంటే జడ్జి కుర్చీలో కెమెరా ఉంది, అంటే ప్రేక్షకుడే జడ్జి. చివర్లో కూతుర్ని అమ్మతో ఉంటావా నాన్నతో ఉంటావా అని అడుగుతారు, నిర్ణయం అయిపోయింది అంటుంది, తల్లిదండ్రుల్ని బయట వెయిట్ చేయమంటారు, ఆ వరండాలో ఇద్దరూ చెరోవైపు ఉండగా పేర్లు పడిపోతాయి. మధ్యలో రెండు గంటలూ ఎవరూ చెడ్డవాళ్లు కాదు, కానీ ఎవరో ఒకరు అబద్ధం చెప్తూనే ఉంటారు, ప్రతిసారీ పార్టీ మార్చాల్సొస్తుంది. ఇలాంటి స్క్రీన్‌ప్లే పాతబడదు. ఇరాన్ అంటే జాఫర్ పనాహీ పేరు కూడా తలుచుకోవాలి, 2010లో ఇరవై ఏళ్లు సినిమా తీయకూడదని శిక్ష వేస్తే దొంగచాటుగా తీస్తూనే పోయాడు, 2025లో ఇట్ వాజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్‌కి పామ్ డోర్ గెలిచాడు. ఆయన విషయంలో ఒక ఇబ్బంది ఉంది, సినిమా కంటే ఆ కథ పెద్దదైపోతుంది. ఆయన ధైర్యం గురించి తెలీని తరం ముందు కూడా సినిమా నిలబడాలి. సర్కిల్, క్రిమ్సన్ గోల్డ్ లాంటి నిషేధానికి ముందు సినిమాలకి ఆ భయం లేదు.

ఇక చైనాలో జియా జాంకే. ఈయన గురించి మాట్లాడేవాళ్లు తక్కువ, అది మాత్రం అన్యాయం. త్రీ గోర్జెస్ డ్యామ్ కోసం పది లక్షల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు, ఊళ్లకి ఊళ్లు నీళ్లలో కలిసిపోయాయి. స్టిల్ లైఫ్ 2006లో అలా మునిగిపోబోతున్న ఒక ఊళ్లోనే తీశాడు, కూల్చేది సెట్టు కాదు నిజం బిల్డింగులు, సుత్తులతో కొట్టేవాళ్లలో నిజం కూలీలున్నారు. ఆ ఊరు ఇప్పుడు లేదు, సినిమాలో మాత్రం ఉంది. సీరియస్‌గా నడుస్తున్న సినిమాలో ఉన్నట్టుండి ఒక బిల్డింగ్ రాకెట్‌లా ఆకాశంలోకి లేచిపోతుంది, ఎవరూ దాని గురించి మాట్లాడరు, ఊరికి ఊరే మాయమవుతుంటే ఇది ఏపాటి అన్నట్టు. వెనిస్ ఫెస్టివల్ టాప్ అవార్డు గోల్డెన్ లయన్ వచ్చింది. 2024లో కాట్ బై ద టైడ్స్ అని ఇరవై ఏళ్లుగా దాచుకున్న ఫుటేజ్ కలిపి ఇంకో సినిమా చేశాడు, మొదటి నుంచీ ఒకే నటి, వయసు మేకప్ కాదు నిజంగా పెరుగుతుంది. వందేళ్ల తర్వాత ఈ శతాబ్దం మొదట్లో చైనా ఎలా మారిందో చూడాలంటే ఈయన సినిమాలే తీయాలి, ఆ ఒక్క కారణానికైనా ఎవరో ఒకరు వాటిని కాపాడతారు.

జపాన్‌లో హమగుచి డ్రైవ్ మై కార్‌లో నలభై నిమిషాలు గడిచాక టైటిల్స్ వేసే ధైర్యం చేశాడు, నటుల చేత ఫీలింగ్ లేకుండా పదేపదే డైలాగులు చదివించే పద్ధతి ఆయనది, అది ఇప్పటికే యంగ్ డైరెక్టర్లకి ఎక్కింది. ఫ్రాన్స్‌లో సెలీన్ సియామా పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ ఆన్ ఫైర్ వచ్చిన మూడేళ్లకే సైట్ అండ్ సౌండ్‌లో 30వ ప్లేస్, అంత తొందరగా ఎక్కడం కొంచెం అనుమానమే, లావెంచురా కూడా ఇలాగే ఎక్కింది కదా. అయితే దాదాపు బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ లేకుండా సినిమా అంతా నడిపి చివర్లో ఒక్క మొహం మీద కెమెరా పెట్టి వివాల్డీ అనే పాతకాలం కంపోజర్ మ్యూజిక్ వినిపించే ఆ షాట్‌ని అంత ఈజీగా ఎవరూ మర్చిపోరు.

ఆల్ఫాన్సో కువరోన్‌కి రోమా అవార్డులు తెచ్చింది, మిగిలేది చిల్డ్రన్ ఆఫ్ మెన్. 2006లో పెట్టుబడి రాని సినిమా, బీబీసీ లిస్టులో జోడియాక్ వెనకే 13. లాంగ్ టేక్‌ల గురించే అందరూ చెప్తారు, యుద్ధం సీన్‌లో లెన్స్ మీద రక్తం చుక్కలు పడతాయి, కట్ చేయకుండా అలాగే తీసుకుంటూ పోయారు. కానీ అసలు పని ఫ్రేమ్ అంచుల్లో ఉంది. హీరో స్టేషన్లో నడిచిపోతుంటే పక్కన బోనుల్లో శరణార్థులు, ముసలావిడ ఏదో అరుస్తుంటుంది, కెమెరా ఒక క్షణం అటు చూసి మళ్లీ హీరో వెనక పడుతుంది. కథ 2027లో జరుగుతుంది, ఆ సంవత్సరం దగ్గరపడేకొద్దీ ఆ అంచులు న్యూస్‌లా కనపడటం మొదలైంది.

ఇప్పుడు అందరూ ఎదురుచూసే పేరు, నోలన్. ఓపెన్‌హైమర్‌కి ఏడు ఆస్కార్లు, థియేటర్‌కి జనాన్ని రప్పించే తాకత్ ఇవాళ ఆయనకున్నంత ఇంకెవరికీ లేదు, ఇందులో వాదన లేదు. కానీ ఆయన పెద్ద సినిమాల్లో ఒక జబ్బుంది, రూల్స్ ఎవరో ఒకరు వచ్చి నోటితో చెప్పేస్తారు, పజిల్ విప్పేశాక మిగిలేది స్కేలు. మెమెంటో అలా కాదు, వెనక నుంచి ముందుకి నడిచే ఆ పద్ధతి వల్ల మతిమరుపు హీరోకి ఎంత తెలుసో ప్రేక్షకుడికీ అంతే తెలుస్తుంది, పద్ధతీ కథా ఒకటే. అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీ ఏటా పాతిక సినిమాలు దాచిపెట్టడానికి ఎంచుకుంటుంది, 2017లో మెమెంటోని తీసుకున్నారు. మెమెంటోతోపాటు ద ప్రెస్టీజ్ కూడా నిలబడుతుంది, రెండోసారి చూస్తే అది పూర్తిగా వేరే సినిమా. ఫ్యాన్స్ ఒప్పుకోకపోవచ్చు కానీ చిన్న నోలనే మిగులుతాడు. విలెనూవ్ డ్యూన్‌లు కంటికి అద్భుతం, అంతవరకే, అరైవల్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. గ్రెటా గెర్విగ్‌కి లేడీ బర్డ్ చాలు, బార్బీ మీద తర్వాత థీసిస్‌లు రాసుకుంటారు.

హారర్‌ని మాత్రం తక్కువ అంచనా వేయకూడదు. ద థింగ్ 1982లో పల్టీ కొట్టింది, ఇప్పుడు హారర్ క్లాసిక్ అంటే ముందు చెప్పే పేర్లలో అదొకటి. జోర్డాన్ పీల్ గెట్ అవుట్ 2017లో వచ్చి ఐదేళ్లకే సైట్ అండ్ సౌండ్ వందలోకి ఎక్కింది. టాపిక్ సినిమా కదా, జాతి వివక్ష కదా, అయితే ముందు చెప్పిన లెక్కలో పడిపోవాలి కదా అంటే, టీకప్పులో స్పూన్ తిరుగుతున్న శబ్దం గుర్తు తెచ్చుకోండి. కాబోయే అత్తగారు మర్యాదగా కప్పులో స్పూన్ తిప్పుతూ మాట్లాడుతుంది, ఆ టింగ్ టింగ్‌కే మనిషి కుర్చీలో కదల్లేక చీకట్లోకి పడిపోతాడు. మర్యాద అనేదే ఆయుధం అన్న సంగతి స్పీచ్ లేకుండా ఒక స్పూన్‌తో అయిపోయింది.

ఇండియా నుంచి ఎవరు అంటే, పథేర్ పాంచాలి ఇప్పటికీ ఆ లిస్టులో 35, డెబ్బై ఏళ్లు కావస్తున్నా. పాయల్ కపాడియా 2024లో ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్‌కి కేన్స్‌లో రెండో పెద్ద అవార్డు గ్రాండ్ ప్రీ గెలిచింది, ముప్పై ఏళ్ల తర్వాత మెయిన్ కాంపిటీషన్లోకి వెళ్లిన ఇండియన్ సినిమా అది, ఇంకా రెండో ఫీచరే కాబట్టి ఆగి చూడాలి. చైతన్య తమ్హానే కోర్ట్ మీద మాత్రం ఇప్పుడే చెప్పొచ్చు. పాట పాడి ఒక కార్మికుడి ఆత్మహత్యకి కారణమయ్యాడని ముసలి కవి మీద కేసు, కెమెరా దూరంగా కదలకుండా కూర్చుని వాయిదాలు చూస్తుంటుంది. సెలవులిస్తారు, కోర్టు హాల్లో లైట్లు ఆర్పేస్తారు, చీకటి, ఇంకెవరైనా అయితే అక్కడ ఆపేస్తారు. ఈయన ఆపడు, జడ్జిగారు ఫ్యామిలీ ఫ్రెండ్స్‌తో రిసార్ట్‌కి వెళ్లడం చూపిస్తాడు, ఆయన బెంచీ మీద కునుకు తీస్తుంటే పిల్లలు అరిచి లేపుతారు, ఉలిక్కిపడి లేచి దొరికిన పిల్లాడి చెంప మీద ఒక్కటిస్తాడు, మళ్లీ పడుకుంటాడు. న్యాయవ్యవస్థ మీద ఎన్ని డైలాగులు రాసినా ఆ చెంపదెబ్బకి సరిపోవు.

అదే టైమ్‌లో ఇంకో దారి కూడా ఉంది, క్రిటిక్స్ ఓట్లతో సంబంధం లేనిది. మాయాబజార్ 1957లో వచ్చినప్పుడే జనం ఎగబడి చూశారు, తర్వాత ప్రతి తరం తమ పిల్లలకి చూపించింది, డైలాగులు నోళ్లలో ఉండిపోయాయి, దాన్ని క్రిటిక్స్ ఓటింగేదీ నిలబెట్టలేదు. గాడ్‌ఫాదర్ కూడా వచ్చినరోజు నుంచే హిట్టు. రాజమౌళి బెట్ ఈ దారిలోనే ఉంది, ఆయన సినిమాలు జనం మళ్లీ మళ్లీ చూస్తారు, ప్రశ్న ఏంటంటే గ్రాఫిక్స్ పాతబడ్డాక కూడా చూస్తారా అని. ఈగ ఆ పరీక్ష దాటుతుంది అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ పని చేసేది గ్రాఫిక్స్ కాదు ఐడియా, పగ తీర్చుకోవాల్సినవాడికి బలమే లేకపోతే ఏం చేస్తాడు అని ప్రతి సీన్‌లో కొత్తగా అడుగుతుంది.

ఇంత మాట్లాడాక కూడా అసలు ప్రమాదం వేరే ఉంది. అమెరికా మూకీ ఫీచర్ సినిమాల్లో దాదాపు 70 శాతం ఇప్పుడు లేవని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది, అందులో ఎన్ని క్లాసిక్కులు పోయాయో తెలీదు. పథేర్ పాంచాలి నెగటివ్‌లే 1993లో లండన్ ల్యాబ్‌లో కాలిపోయాయి, మిగిలిన ముక్కల్ని ఒక్కో ఫ్రేమ్ బాగుచేసి 2015లో మళ్లీ తెరమీదికి తెచ్చారు, తీసింది సత్యజిత్ రే కాబట్టి అంత కష్టపడ్డారు. ఇప్పుడు కాలిపోవడం అక్కర్లేదు, ఒక బటన్ చాలు. 2023లో క్రేటర్ అనే సినిమాని డిస్నీ ప్లస్‌లో పెట్టి కొన్ని వారాలకే తీసేశారు. బ్యాట్‌గర్ల్ అయితే షూటింగ్ అయిపోయాక 2022లో ట్యాక్స్ లెక్కల కోసం అసలు రిలీజే చేయలేదు. అవి గొప్ప సినిమాలా కాదా అన్నది తర్వాత సంగతి, బ్యాట్‌గర్ల్‌కైతే ఆ తేల్చుకునే ఛాన్సే లేకుండా పోయింది. నోలన్ ఫిల్మ్ మీద తీయాలి, ప్రింట్ ఉండాలి అని పట్టుబడితే చాదస్తం అనుకుంటారు, ఈ విషయంలో మాత్రం అందరికంటే ముందుచూపు ఆయనదే. ఓటీటీ కోసమే తీసి డిస్క్ కూడా వేయించుకోలేని డైరెక్టర్ల పరిస్థితి మూకీ కాలం వాళ్లకంటే పెద్ద తేడా లేదు.

సైట్ అండ్ సౌండ్ తర్వాతి లిస్ట్ 2032లో రావాలి. 2012లో 846 మంది ఓటేస్తే 2022లో 1639 మంది, అందుకే ఆడవాళ్లు తీసిన సినిమాలు వందలో రెండు నుంచి పదకొండయ్యాయి, ఈసారి ఆసియా, ఆఫ్రికా నుంచి ఓట్లు ఇంకా పెరిగితే బొమ్మ మళ్లీ తిరగబడుతుంది. ప్రస్తుతానికి అంచనా వేయాల్సొస్తే పారసైట్ 90వ స్థానం నుంచి చాలా పైకి పోతుంది, జోన్ ఆఫ్ ఇంట్రెస్ట్ కొత్తగా వందలోకొస్తుంది, ఎ సెపరేషన్‌కి చోటు దొరుకుతుంది, పోర్ట్రెయిట్ కొంచెం కిందికి దిగుతుంది. జోడియాక్‌కి మాత్రం ఇంకో పదేళ్లు పట్టొచ్చు, ఫించర్ ఓట్లు ఐదారు సినిమాల మధ్య చీలిపోతాయి మరి.